ఒక గుహ, మూడు అరలు

కొండవాగుకి ఆవల ఒక పెద్ద అడవిలో, ఎండాకాలం వస్తే ఒక్క మడుగులోనే నీళ్లు మిగిలేవి. కొట్టుకు చావకుండా జంతువులు వంతులు పెట్టుకున్నాయి. ఎవరు ఎప్పుడు తాగాలో తాటాకుల మీద రాసి ఉంచే పని, ఒళ్లంతా పొలుసులుండే అలుగు పొలుసమ్మది.

ఆమె దగ్గర మూడు కట్టలుండేవి. ఒకటి వంతుల పట్టీ. ఒకటి, మార్పు జరిగిన వెంటనే రాసుకునే రోజు చిట్టా. మూడోది ఆ రెండింటికీ నకలు.

ఆ ఏడు అడవి సభ అందరి సామానుకీ కలిపి ఒక ఉమ్మడి గుహ ఇచ్చింది. దాని పెత్తనం కార్యదర్శి నక్క వాచస్పతిది.

“నీ కట్టలన్నీ గుహకి చేర్చు,” అన్నాడు వాచస్పతి.

“పట్టీ చేరుస్తానండీ. చిట్టా మాత్రం మడుగు పక్కన నా బొరియలో ఉండాలి, మాటిమాటికీ రాయాలి కదా. నకలు అవతలి కొండ మీద పెడదాం. గుహకి ఒకటే దారి. అది మూసుకుపోతే?”

సభాధ్యక్షుడు ఏనుగు భూధరం తలాడించాడు. “నిజమే. మూడూ వేరువేరుగా ఉండాలని తీర్మానం రాయవయ్యా.”

వాచస్పతి రాశాడు. కానీ కట్టలు బయటుంటే తన పెత్తనం ఏం కావాలి? మర్నాడే గుహలో మూడు అరలు తొలిపించి, అరకొక కట్ట పెట్టించాడు.

“మూడూ ఒక్క గుహలోనే ఉన్నాయి కదండీ,” అంది పొలుసమ్మ.

“వేరువేరుగా అని రాశాం. వేరే చోట అని రాశామా? రాతకోతలు తెలిసినదానివి, నీకు నేను చెప్పాలా?”

అప్పట్నుంచీ చిట్టాలో ఒక్క గీత గీయాలన్నా, దుంపలు మోసుకొచ్చే అడవిపందుల వెనక ఆమె వరసలో నిలబడాల్సి వచ్చేది. దుప్పుల వంతు రాసి వచ్చేసరికి ఆ వంతు కాస్తా దాటిపోయేది.

ఒకరోజు గుహ పైన చీమలకోసం ఎలుగుబంటి ఒక బండని కదిపింది. అది దొర్లి వచ్చి గుహ ద్వారంలో పడింది. భూధరం వచ్చి నెట్టాడు. బండ ఇంకాస్త బిగుసుకుంది.

పట్టీ లోపలే చిక్కుకుపోయింది కాబట్టి, ఇక మడుగు దగ్గర ప్రతివాడూ తెల్లవారుజాము వంతు తనదేనన్నాడు. బలమున్నవాళ్లు తాగారు. దుప్పులు రెండు రోజులు నాలుకలు బయటపెట్టుకుని నిలబడ్డాయి. “నేను కార్యదర్శిని,” అంటూ ముందుకెళ్లిన వాచస్పతిని పందులు బురదలోకి తోశాయి.

భూధరం పొలుసమ్మ బొరియ దగ్గరికి వెళ్లాడు. “ఏదైనా దారి చూడమ్మా.”

ఆమె ఒక్కొక్కరి దగ్గరికీ నడిచి వెళ్లింది. నీ వంతెప్పుడని అడగలేదు. “నువ్వు మడుగుకి వచ్చేసరికి ఎవరు తాగి వెళ్తుండేవాళ్లు?” అని అడిగింది. పక్కవాడి సంగతి కాబట్టి అందరూ నిజమే చెప్పారు. సాయంత్రానికి ఎవరి తర్వాత ఎవరో గొలుసులా కలిసింది, పట్టీ తయారైంది. ఆ పూటే దుప్పులు నీళ్లు తాగాయి.

సభ వెంటనే కూడింది. ఇకమీదట కట్టలు మూడు వేర్వేరు కొండల మీద ఉండాలన్నారు. మూడు కొండలూ తిరిగి రాసే పని పొలుసమ్మకి అప్పగించారు. మూడింటికీ పర్యవేక్షకుడిగా, అనుభవం ఉందని, వాచస్పతిని వేశారు.

నీతి: ముప్పుని ముందే చెప్పినవాళ్లకి పని పెరుగుతుంది, విననివాళ్లకి పదవి పెరుగుతుంది.