మౌనానికి రిహార్సల్

ఆ ఉదయం సంతాప సంఘం అధ్యక్షుడి ఇంట్లో యావత్ జాతి దుఃఖమూ కొలువుదీరింది. అంటే అధ్యక్షుడు, కార్యదర్శి అయిన ఆయన బావమరిది, ఫొటోగ్రాఫరు, రాళ్లు చెక్కే తాత, గుమ్మం పక్కన ఒక దర్జీ ఆవిడ. బస్టాండులో ఉగ్రవాదుల బాంబుకు బలైన పదకొండు మందిలో ఆమె భర్త ఒకడు; అక్కడ మూటలు మోసేవాడు.

స్మారక ఫలకం నమూనా బల్లమీద పరిచి ఉంది. పైన అధ్యక్షుడి పేరు, అరచేయంత అక్షరాల్లో! దాని కింద కార్యదర్శి, సభ్యులు, సలహాదారులు. అట్టడుగున చీమలబారులా మృతులు: ఆరుగురి పేర్లు, ఆ తర్వాత "తదితరులు".

"మా ఆయన పేరు లేదండీ," అందామె.

"ఎందుకు లేదమ్మా! తదితరుల్లో మొట్టమొదటివాడు మీ ఆయనే!" అన్నాడు అధ్యక్షుడు.

తాత గడ్డం గోక్కున్నాడు. "ఒక సలహాదారుణ్ణి తీసేస్తే చోటు దొరుకుతుంది బాబూ. ఈ చివరి పేరు..."

కార్యదర్శి ఉలిక్కిపడ్డాడు. "బావా! అది మా అమ్మ పేరు!"

"అత్తగారి పేరు తీస్తానా? తీస్తే రేపు తదితరుల్లో నేనూ చేరతాను!" అన్నాడు అధ్యక్షుడు.

"మధ్యాహ్నం ఉలి పెడతాను. చెక్కాక ఎవరొచ్చినా మారదు. ఏదో ఒకటి తేల్చండి," అన్నాడు తాత.

"ముందు మౌనం రిహార్సల్ తేలనీ," అన్నాడు అధ్యక్షుడు. "పోయినసారి సభలో మా బావమరిది ఫోను మోగి, టీవీల్లో పరువంతా పోయింది!"

అందరూ లేచి తలలు వంచారు.

"అయ్యగారూ, ఇంకాస్త బాధగా," అన్నాడు ఫొటోగ్రాఫరు. "అంత వద్దండీ, కడుపునొప్పిలా ఉంది!"

మొదటి మౌనం అధ్యక్షుడి తుమ్ముతో పోయింది. రెండోది కార్యదర్శి ఆవులింతతో. మూడోది మాత్రం అద్భుతంగా కుదిరింది. గోడ గడియారం కూడా సిగ్గుపడేంత నిశ్శబ్దం!

ఆ నిశ్శబ్దంలోనే తాత నమూనా చుట్టి చంకలో పెట్టుకోవడం ఆమె చూసింది. ఆ కాగితం గడప దాటిందా, ఇక అంతే.

"తాతా, మూడక్షరాలే... ఓ మూల ఇరికించలేవా?" అంటూ భోరుమంది.

"అబ్బ! పాడైపోయింది!" అని కార్యదర్శి నెత్తి కొట్టుకున్నాడు. "ఇంత పద్ధతిగా బాధపడుతుంటే, మధ్యలో ఈ ఏడుపేమిటి?"

అధ్యక్షుడు మాత్రం దయగల మనిషి. ఆమెను మెల్లగా గడప దాటించాడు.

"కాసేపు బయటే ఉండమ్మా. లోపల మీ ఆయన కోసం మౌనం పాటిస్తున్నాం," అని తలుపు వేసేశాడు.