ఏడో ప్రశ్న

ప్రశ్న పుట్టని ఉపన్యాసం జరగనట్టే లెక్క. ఇండోనేషియాలోని యోగ్యకర్తలో మా ఆయన విచాక్సోనో పనిచేసే భౌతిక, ఖగోళ శాస్త్ర విభాగం అతిథి ప్రసంగాల నియమావళిలో ఇది మొదటి వాక్యం. ఆ వాక్యం మా భోజనాల బల్ల ఎక్కి అప్పటికి మూడు రోజులైంది.

"'మీ పరిశోధన ముందు ముందు ఎటు వెళ్తుంది?' అని అడిగేయండి, పోతుంది" అన్నాను సోయాగింజల టెంపే ముక్కలు వేయిస్తూ.

"అది పోయిన నెల మా పక్క గది సుగెంగ్ వాడేశాడు. ఆర్నెల్లదాకా ఎవరికీ ఇవ్వరు."

"అయితే 'లెక్కలో పొరపాటుకు ఎంత వీలుంది?' అనండి."

"అది హెడ్ గారిది. పాక్ హర్జోనో సొంతం."

"నాన్నా, 'నాకు నిద్రపట్టింది, మళ్లీ చెప్తారా' అని అడుగు. నిజమే కదా" అంది మా అమ్మాయి సెకార్.

ఒకప్పుడు ఇంత కష్టం లేదు. ప్రతి గురువారం అతిథి వచ్చేవారు, మాట్లాడేవారు, చివర అందరూ మౌనంగా ఉండేవారు. ఒకసారి ఆ మౌనం పదకొండు నిమిషాలు సాగింది. (అది ఎవరికో సంతాపం కాబోలనుకుని అతిథి తలవంచుకుని నిలబడ్డారట.) అప్పుడు పాక్ హర్జోనో (పాక్ అంటే గారు) ప్రశ్నల ఉపసంఘం వేశారు. ఇప్పుడు అడిగే వంతు ఒక్కొక్కరికి వస్తుంది. ప్రసంగం గురువారమైతే ప్రశ్న మంగళవారానికల్లా యాప్‌లో పెట్టాలి. మొదటి వాక్యం మెచ్చుకోలు. అతిథి ఆ జవాబు ప్రసంగంలోనే చెప్పేసినా ప్రశ్న అడిగి తీరాలి, ఎందుకంటే అప్పటికే ఆమోదమై ఉంటుంది. జవాబు పూర్తయినట్టు యాప్‌లో నొక్కేవరకూ ఫలహారం డబ్బా ఎవరూ తెరవకూడదు.

తాత్కాలిక అధ్యాపకుడు ఇలా ఏడు ప్రశ్నలు మచ్చ లేకుండా అడిగితే పర్మనెంటు. మా ఆయన ఆరేళ్లలో ఆరు అడిగారు. ఈ గురువారానిది ఏడోది.

"ఇంతకీ ఈసారి వచ్చే ఆవిడ దేని గురించి చెప్తుందిరా?" అంది మా అత్తగారు. ఆవిణ్ణి ఇంటిల్లిపాదీ ఇబు, అంటే అమ్మ, అనే పిలుస్తాం.

"ఒక నక్షత్రం ఇబు. పదకొండు రోజులకోసారి రాత్రిపూట మసకబారుతుందట."

"మరి పగలు?"

"పగలు కనపడదు కదా."

"నీకు కనపడదు సరే. టోఫు అమ్మే ఆయన నేను గేటు దగ్గరున్నప్పుడే వస్తాడనుకుంటే ఎలా? నేను కునుకు తీసేటప్పుడూ వచ్చిపోతున్నాడేమో."

గడువుకి ఇరవై నిమిషాలుంది. మా ఆయన అదే రాసి పంపారు. ఉపసంఘం 'హాని లేనిది' అని ఆమోదించింది.

ఏడో ప్రశ్నకు కుటుంబసమేతంగా రావాలి. (ఫొటో ఉంటుంది.) ఇబు పండగలకి తీసే జరీ కబాయా జాకెట్టు తొడుక్కుంది. థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్ నుంచి వచ్చిన డాక్టర్ తిదరత్ గంటసేపు చక్కగా చెప్పింది. మా ఆయన లేచి, మెచ్చుకోలు ముగించి, "పగటిపూట ఆ నక్షత్రం ఏం చేస్తుంది?" అని అడిగారు.

ఆవిడ నవ్వబోయి ఆగింది. తెర మీద బొమ్మలు ఒక్కొక్కటే వెనక్కి తిప్పింది. వేళ్ల మీద ఏదో లెక్కపెట్టింది.

"అసలు ఐదున్నర రోజులకోసారి మసకబారుతుంటే, మధ్యలోది ప్రతిసారీ మనకి పగలే పడుతుంది. నేను ఎప్పటికీ చూడలేను" అంది నెమ్మదిగా. "నాకు తెలీదండీ."

జవాబు పూర్తయిందని నొక్కడానికి యాప్‌లో 'బాగా చెప్పారు', 'చాలా బాగా చెప్పారు' అనే రెండు బొత్తాలే ఉన్నాయి. డెబ్భైమంది ఒళ్లో డబ్బాలు పెట్టుకుని కూర్చున్నారు. నలభై నిమిషాల తర్వాత పాక్ హర్జోనో సభను వాయిదా వేశారు. డబ్బాలు కూడా వాయిదా పడ్డాయి.

డాక్టర్ తిదరత్ మనకి పగలైతే రాత్రయ్యే చిలీలో ఉన్న స్నేహితుణ్ణి అడిగింది. ఐదున్నరే. తప్పు దిద్దుకుని, మా ఆయనకి ధన్యవాదాలు చెబుతూ విభాగానికి ఉత్తరం రాసింది.

దాంతో విషయం ముదిరింది. తెలీదన్నది జవాబు కాదు, జవాబు లేనిది ప్రశ్న కాదు అని ఉపసంఘం తేల్చింది. పాక్ హర్జోనో మా ఆయన్ని పిలిచి కుర్చీ వేయించారు. "చూడు విచాక్, నీ మంచికే చెప్తున్నా. ఆ ప్రశ్న అసలు అడగలేదని ఒక కాగితం మీద సంతకం పెట్టు. దాని బదులు నా ప్రశ్న నీకిస్తాను, పొరపాటుకు ఎంత వీలుంది అనేది. నీ పేరున రాసేస్తాం. కాదంటావా, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టు."

ఈ సంగతి మా ఆయన మాకు ఆదివారం మధ్యాహ్నం అన్నాల దగ్గర చెప్పారు. ఇబు చేతిలో గరిటె ఆగింది. సెకార్ ఫోన్ పక్కన పెట్టింది.

"సంతకం పెట్టేశాను. రేపటి నుంచి నేను పర్మనెంటు" అన్నారు కంచంలోకి చూస్తూ.

"మంచిది నాన్నా" అంది ఇబు. మళ్లీ వడ్డిస్తూ, "మరి ఆ నక్షత్రం?" అంది.

"బయట ఐదున్నర రోజులే ఇబు. మా విభాగంలో మాత్రం పదకొండు."