వెలుగు చేపల ప్రారంభోత్సవం

ఒక పెద్ద అడవిలో నీళ్లు తక్కువ, కమిటీలు ఎక్కువ. ఉన్నది ఒకటే మడుగు. దానికి ఎగువన దుమ్ములగొండి గారి తోళ్ల కార్ఖానా. ఆ మురుగు తాగి జింకలకి కడుపునొప్పులు పట్టుకుంటే, మంత్రులంతా కూర్చుని బాగా మేసి, బాగా నెమరేసి ఒక నిర్ణయానికొచ్చారు. కార్ఖానా మూయించడం మర్యాద కాదు. కనక నీళ్లు ఎప్పుడు పాడయ్యాయో చెప్పే చేపని తయారుచేయించాలి.

ఆ పని జలశాఖ అధికారి నక్క సర్వేశం మీద పడింది. సర్వేశం ఆ కుర్చీలో తాత్కాలికంగా కూర్చున్నవాడు. అది పర్మినెంటు కావాలని అతనికి ఎంత తపనంటే, నిద్రలో కూడా తోకతో సంతకాలు పెట్టేవాడు.

నీటిపిల్లి డాక్టరు మిణుగురుల్లోంచి వెలుగునిచ్చే జన్యువుని తీసి చేపగుడ్లలో పెట్టాడు. గుడ్లు పిల్లలయ్యాయి, పిల్లలు పెద్దవయ్యాయి. చూస్తే ఉత్త మామూలు చేపలు.

"ఇవి వెలగవేంటండీ?" అన్నాడు సర్వేశం.

"విషం తగిలితేనే వెలుగుతాయండి. జన్యువు ఒంట్లో ఉండడం వేరు, అది పనిచెయ్యడం వేరు. పైనించి పిలుపు రావాలి. అప్పటిదాకా ఊరికే పడుంటుంది."

"అర్థమైంది. మా ఆఫీసూ అంతే," అన్నాడు సర్వేశం.

ప్రారంభోత్సవానికి మృగరాజు వస్తున్నాడని తెలిసి దుమ్ములగొండి భయపడి కార్ఖానా మూసేశాడు. వానలు కూడా పడటంతో మడుగు కడిగిన అద్దంలా తయారైంది. పొద్దు వాలింది. రాజుగారు రిబ్బను కొరికాడు. అడవి అడవంతా ఒడ్డు మీద మెడలు చాచింది. చేపలు హాయిగా, చీకటిగా ఈదుతున్నాయి.

సర్వేశం డాక్టర్ని పొదచాటుకి లాగాడు.

"వెలిగించవయ్యా."

"నీళ్లు బాగున్నాయి కదండీ, అందుకే వెలగలేదు. ఒక రకంగా మనం సంతోషించాలి."

"సంతోషమా? చీకటి నీళ్లు చూడ్డానికొచ్చారా రాజుగారు? బాగున్న నీళ్లకి ఎవడైనా రిబ్బను కడతాడా? నా ఉద్యోగం ఇవాళ్టితో సరి."

దుమ్ములగొండి పక్కనే ఉన్నాడు. పరోపకారి. "దానికేముంది సార్, ఒక్క తూము వదలమంటారా?" అన్నాడు వినయంగా.

సర్వేశం డాక్టరు వంక చూశాడు. డాక్టరు కాసేపు గడ్డం గోక్కుని, "శాస్త్రపరంగా అభ్యంతరం కనబడదండి," అన్నాడు. ఎంతైనా చదువుకున్నవాడు.

తూము వదిలారు. మడుగు పచ్చగా వెలిగిపోయింది. రాజుగారు ముందుకాళ్లతో చప్పట్లు కొట్టాడు. ఒక పెద్ద చేప నీటిపైకి తలెత్తి, "ఏలినవారూ, మేం వెలగట్లేదండి. ఒళ్లు మండి అరుస్తున్నాం," అంది.

"ఏమంటోంది?" అన్నాడు రాజు, చెవి రిక్కించి.

"తమ దర్శనంతో జన్మ ధన్యమైందంటోంది మహారాజా," అన్నాడు సర్వేశం.

రాజు కరిగిపోయాడు. రోజూ సాయంత్రం వెలిగించమన్నాడు. దుమ్ములగొండికి 'అరణ్యజ్యోతి' బిరుదిచ్చి, కార్ఖానా పెంచుకోడానికి అనుమతిచ్చాడు. వెలుగంటే మురుగని చెప్పడానికి ఆ చేపల్ని పెట్టారన్న సంగతి జనం మర్చిపోయారు. సర్వేశం మర్చిపోలేదు గానీ, గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం అతనికి కనబడలేదు.

కొన్నాళ్లకి దక్షిణపు ఒడ్డు గేదెలు ధర్నాకి దిగాయి. "వెలుగంతా తూమున్న ఉత్తరపు ఒడ్డుకేనా? మేం పశువుల్లా కనబడుతున్నామా? మాకూ ఒక మురుగుకాలవ తవ్వాల్సిందే."

సర్వేశం వెంటనే తవ్వించాడు. ప్రజల మాట కాదనేవాడు కాదు. జింకలకి కడుపునొప్పి రెట్టింపైంది. "నొప్పిదేముందండీ, పిల్లలు చదువుకోడానికి వెలుతురైనా ఉంది," అనుకుని అవి సరిపెట్టుకున్నాయి.

ఆఖరికి ఒకనాటి సాయంత్రం ఒక్క చేపా వెలగలేదు. అన్నీ వెల్లకిలా తేలాయి. వాటిని కొంగలు కూడా ముట్టుకోలేదు.

"జన్యువు ఇంకా ఒంట్లోనే ఉందండి," అన్నాడు డాక్టరు ధైర్యం చెబుతూ. "పనిచెయ్యదంతే."

ఉద్యోగం ఖాయం చేసే దర్బారు మర్నాడే. సర్వేశం తల పట్టుక్కూర్చున్నాడు. కాసేపటికి ఆ తలే అతన్ని కాపాడింది. చేపల్ని పూడ్పించి, దర్బారులో గొంతు సవరించుకున్నాడు.

"మహారాజా, ఇప్పుడు మడుగులో ఒక్క చేప కూడా వెలగట్లేదు. విషం ఉంటేనే వెలగాలని శాస్త్రం. అంటే నీళ్లు పూర్తిగా శుభ్రపడ్డాయి. డాక్టరుగారు కూడా ఇక్కడే ఉన్నారు."

డాక్టరు తలూపాడు.

రాజు కళ్లు చెమర్చాయి. "ఇన్నాళ్లకి నా ప్రజలకి మంచినీళ్లు. పదండి మడుగుకి. ఉత్తర్వు అక్కడే ఇస్తాను."

ఒడ్డు మీద మళ్లీ అడవంతా చేరింది. రాజు ఒక పంజాలో ఉత్తర్వు పట్టుకుని, రెండో పంజాతో కొబ్బరిచిప్ప నిండా నీళ్లు ముంచాడు. అవి డికాక్షన్ రంగులో ఉన్నాయి.

"ఈ పుణ్యం నీది సర్వేశం. తొలి గుక్క కూడా నీదే."

సర్వేశం ఈ అడవిలో మడుగు నీళ్లు తాగి ఎరగడు. అధికారులకి కొండ ఊట నుంచి బిందెలతో వచ్చేవి. ఎవరైనా వద్దంటారేమోనని చుట్టూ చూశాడు. డాక్టరు ఆకాశంలోకి చూస్తున్నాడు. జింకలు భక్తితో చప్పట్లు కొడుతున్నాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తాగనంటే నీళ్లు చెడ్డవని తనే ఒప్పుకున్నట్టు. కుర్చీ పోతుంది. తాగితే ఏం పోతుందో అతనికంటే బాగా ఎవరికీ తెలీదు. ప్రాణం తీపి నిజమే గానీ, కుర్చీ అంతకన్నా తీపి.

"కానివ్వండి సార్. ఆలస్యం అమృతం విషం అన్నారు," అన్నాడు దుమ్ములగొండి.

సర్వేశం కళ్లు మూసుకుని తాగాడు.

ఆ సాయంత్రమే అతని ఉద్యోగం పర్మినెంటయింది. మర్నాడు ఖాళీ ప్రకటించారు. దరఖాస్తు పెట్టుకున్నవాళ్లంతా మడుగు నీళ్లు శుభ్రమైనవేనని రాసిచ్చారు.

నీతి: ఏడ్చేవాళ్లు పోయాక ఏ రాజ్యంలోనూ కష్టాలుండవు.