మూత వెల్లకిలా, కథ బోర్లా

పాలగిన్నె మీది మూత తీసి గట్టు మీద బోర్లా పెట్టడంతో ఆ ఉదయం మొదలైంది.

"అమ్మాయ్, నువ్వీ ఇంటికొచ్చి తొమ్మిదేళ్ళయింది. మూత తీస్తే వెల్లకిలా పెట్టాలని ఎన్నిసార్లు చెప్పాను?" అన్నారు అత్తగారు.

"గట్టు తుడిచే ఉంది కదత్తయ్యా."

"తుడిచిన గట్టు తుడిచినట్టే ఉంటుందా? దాని మీదున్నది మూతకి అంటుతుంది, మూత మళ్ళీ పాల మీదకెక్కుతుంది. మూతకి మొహమేదో వీపేదో తెలీదు గానీ, డిగ్రీలు మాత్రం రెండు!"

కోడలు మూతని తిరగేసింది. కోపం రావలసిన చోట ఆమెకి నవ్వొచ్చింది, మాట అంత బాగుంది మరి. పక్కకి తిరిగి, డబ్బాల వెనక దాచిన చిన్న నోట్‌బుక్కులో దాన్ని ఉన్నదున్నట్టు రాసుకుంది.

"పాలు కాగాయా?" అని హాల్లోంచి మావగారు అడిగారు. ఇంట్లో ఎంత పెద్ద గొడవ జరుగుతున్నా ఆయన అడిగేది ఇలాంటి ప్రశ్నే.

ఆ రోజు కోడలి ఏర్పాటు చాలా మామూలుది. అత్తగారు పదింటికి మూడో అంతస్తులో ఉండే రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ గారింటికి వెళ్తే పన్నెండు దాకా దిగరు. ఈలోగా ఒక సన్నివేశం రాసి పంపెయ్యాలి. ఆమె చేసేది ఏదో అనువాదాల పని అని అత్తమామల నమ్మకం. అసలు సంగతి భర్తకొక్కడికే తెలుసు.

అసలు సంగతి ఇది. పదిహేడేళ్ళుగా సాయంత్రం ఏడున్నరకి వచ్చే సీరియల్ ఒకటుంది. దానికి మంచి పేరే పెట్టారు గానీ, జనమంతా 'ఏడున్నర' అనే అంటారు. మొదటినుంచీ దాన్ని రాసిన పెద్దాయన కళ్ళు సహకరించక తప్పుకున్నాడు. తప్పుకుంటూ ఆ సంగతి ఒక పత్రికకి చెప్పేశాడు. ఆయన స్థానంలోకి వచ్చింది ఈ కోడలే. ఆరేళ్ళు ఆయన కింద పేరు లేకుండా మాటలు రాసింది. ఛానల్ అధికారి ఒకటే షరతు పెట్టాడు. "జనం అలవాటు పడేదాకా మీ పేరు వెయ్యం. వంద భాగాలు రాయండి. నూట ఒకటో భాగం నుంచి మీ పేరు పడుతుంది. అప్పటిదాకా ఎవరికీ చెప్పకూడదు."

ఆమె ఒప్పుకుంది. పేరు తెర మీద ఉండేది రెండు క్షణాలని ఆమెకి తెలుసు. ఆ రెండు క్షణాల కోసమే తొంభై ఒక్క భాగాలు రాసింది.

ఏడున్నర అంటే ప్రాణం పెట్టే అత్తగారికి ఒక్క మాట చెప్పాలని చాలాసార్లు అనుకుంది. కానీ ఆవిడకి రహస్యం చెప్పడమంటే దండోరా వేయించే శ్రమ తప్పించుకోవడమే. ఇంకో తొమ్మిది భాగాలే కదా అని ఊరుకుంది. తరవాత ఆమె అన్నిటికన్నా ఎక్కువ బాధపడింది ఈ ఊరుకోవడానికే.

ఏడున్నరలో పెద్దమ్మగారని ఒక పాత్ర ఉంది. పదిహేడేళ్ళలో ఆవిడ మేడమెట్ల మీదినుంచి దిగలేదు. పై మెట్టు మీద నిలబడి, రెయిలింగ్ పట్టుకుని, తీర్పులు చెప్పేది. ఆమెని ఒక్కసారి మనిషిలా చూపించాలని కోడలికి ఎప్పటినుంచో కోరిక. తొంభై రెండో భాగంలో పెద్దమ్మగారిని మెట్లు దించి, వంటింట్లోకి నడిపించి, చేతికో మూత ఇచ్చింది. పొద్దుటి మాటలు ఒక్క అక్షరం మార్చకుండా నోట్లో పెట్టింది. తను రాసినవాటన్నిటిలోకి అదే మంచి సన్నివేశమనిపించింది.

మూడు రోజులకి అది ప్రసారమైంది. అత్తగారు కూర్చున్నచోటే కొయ్యబారిపోయారు.

"అయ్యో అయ్యో! పెద్దమ్మగారు వంటింట్లోకొచ్చింది! మూత కోసం కోడల్ని పట్టుకుని ఇంత రాద్ధాంతమా? ఏ ఇంట్లోనైనా ఏ అత్తైనా ఇలా మాట్లాడుతుందా?"

భర్త గబుక్కున టీవీ వెనక వైరు సర్దడానికి వెళ్ళాడు. సర్దడానికి అక్కడ ఏమీ లేదు.

"మాట్లాడదంటారా అత్తయ్యా?" అని కోడలు మెల్లగా అడిగింది.

"చచ్చినా మాట్లాడదు! ఈ కొత్తగా రాసేవాడెవడో అత్త మొహం చూసినవాడు కాదు."

మర్నాడు పదింటికి మూడో అంతస్తులో సభ జరిగింది. వచ్చినవాళ్ళు పదకొండు మంది. మెట్లు దిగిన పెద్దమ్మగారిని మళ్ళీ ఎక్కించాలనీ, రాసేవాళ్ళని తీసెయ్యాలనీ తీర్మానించారు. విజ్ఞప్తి రాసే బాధ్యత అత్తగారి మీద పడింది. ఆవిడ ఎక్కడా ఆగకుండా ఒకటిన్నర పేజీ రాసి, కిందికొచ్చి కోడలి ముందు పెట్టారు.

"నువ్వు టైపు చేసి, తప్పులుంటే దిద్దిపెట్టు. అనువాదాలు చేసే చెయ్యి కదా."

"పంపకపోతే ఏమవుతుందత్తయ్యా? పాపం, ఆ రాసేవాళ్ళకీ ఇల్లూ వాకిలీ ఉంటాయి."

"ఉంటే ఇంట్లో మనుషులు ఎలా మాట్లాడతారో విని నేర్చుకోమను."

తప్పులు మాత్రమే దిద్దాలని కోడలు కూర్చుంది. కానీ వాక్యం కుంటుతుంటే చూస్తూ ఊరుకోవడం ఆమెకి చేతకాదు. మొదటి వాక్యాన్ని రెండుగా విరిచింది. రెండోదాన్ని పైకి జరిపింది. 'చాలా ఘోరంగా ఉంది' అన్నచోట రుజువేదీ లేకపోవడం ఆమెకి నచ్చలేదు. ఆ రచనలో లోపాలు ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తాయి? రెండు నెలల కిందట చిన్నకొడుక్కి విరిగిన కుడిచెయ్యి మూడు రోజులకే ఎడమచెయ్యి అయిందని రాసింది. పనిమనిషీ లాయరూ ఒకే రకం చమత్కారాలు ఆడుతున్నారని రాసింది. చివర్లో ఒక మాట దానంతటదే వచ్చి కూర్చుంది: "పదిహేడేళ్ళు మా ఇంట్లో ఉన్న మనిషిని, మాకొక్క మాటైనా చెప్పకుండా మార్చేశారు."

అది తనకి తగిలే మాటేనని తెలుస్తూనే ఉంది. అయినా తీసెయ్యడానికి చెయ్యి రాలేదు. అంతకన్నా మంచి ముగింపు దొరకదు.

చదివి అత్తగారు కళ్ళొత్తుకున్నారు. "అచ్చం నేను రాసినట్టే ఉంది" అన్నారు. కింద తన పేరూ ఇంటి ఫోను నంబరూ వేశారు.

హెడ్‌మిస్ట్రెస్ గారు దాన్ని ఫోన్లలో పంపించారు. సాయంత్రానికి రెండు వందల మంది సంతకాలు పెట్టారు, వారానికి నలభై వేలమంది. చివరి వాక్యాన్ని ఒక పత్రిక పెద్ద అక్షరాల్లో వేసింది. ఎవరో బనియన్ల మీద కూడా అచ్చు వేయించారు. కూరల దుకాణంలో తూకం వేసే ఆవిడ ఆ వాక్యాన్ని కోడలికి వినిపించి, "రాసిన చేతికి దణ్ణం పెట్టాలమ్మా. ఆ సీరియల్ రాసేవాడి చెయ్యి మాత్రం విరగాలి. కుడిదో ఎడమదో, ఏదైనా పర్లేదు" అంది. కోడలు సంచీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

శనివారం పదింటికి ఆమె ఫోను మోగింది. ఛానల్ అధికారి మర్యాదగానే మాట్లాడాడు.

"మీ తప్పేం లేదండీ. కానీ ఆ విజ్ఞప్తి చదివాక మాకు వేరే దారి లేకపోయింది. అంత నిజం ఎవరూ రాయలేదు."

తొంభై తొమ్మిదో భాగం అప్పటికే పంపేసింది. వందోది సగం రాసి ఉంది. ఆమె నోట్‌బుక్కు మూసి, వంటింట్లోకెళ్ళి కుళాయి తిప్పి నిలబడింది.

పదకొండింటికి ఇంటి ఫోను మోగింది. అయిదు నిమిషాలకి అత్తగారు వంటింట్లోకి పరిగెత్తుకొచ్చారు.

"అమ్మాయ్! ఛానల్ వాళ్ళే! ఆ రాసేవాడెవడో, వాణ్ణి పీకేశారట. ఆ విజ్ఞప్తి రాసిన మనిషే ఇకనుంచి కథ రాయాలట. అంటే నేనే! నీ కళ్ళేంటి అలా ఉన్నాయి?"

"ఉల్లిపాయలత్తయ్యా."

గట్టు మీద ఉల్లిపాయలేవీ లేవు. ఆ సంతోషంలో ఆవిడ చూసుకోలేదు.

ఆ పూట భర్తకి ఒంటిపూట ఆఫీసు. నలుగురూ భోజనాలకి కూర్చున్నారు. అత్తగారు శుభవార్త చెప్పడం మొదలుపెట్టారు. సగంలోనే భర్త తింటున్నవాడు ఆగి భార్య వైపు చూశాడు.

"నిన్ను తీసేశారా?"

"తనని ఎందుకు తీస్తారు? అనువాదాలు బాగానే చేస్తుందిగా" అన్నారు అత్తగారు.

"అనువాదాలేంటమ్మా! నాలుగు నెలలనుంచి ఏడున్నర రాస్తున్నది తనే."

అత్తగారు ఒక్కొక్కటే కూడబలుక్కుంటున్నట్టున్నారు.

"అయితే ఆ మూత..."

"అవునత్తయ్యా."

"నేను అలా మాట్లాడతానా?"

మావగారు మంచినీళ్ళు అడిగారు.

"నన్ను వెక్కిరించడానికి రాశావా?"

"కాదత్తయ్యా. పెద్దమ్మగారిని అందరూ మెట్ల కింద నిలబడి చూస్తున్నారు. దగ్గరికి తీసుకొద్దామనుకున్నాను. దగ్గరగా నాకు తెలిసింది మీరే."

అత్తగారు లేచి చెయ్యి కడుక్కుని హాల్లోకి వెళ్ళారు. ఫోనులో ఆవిడ గొంతు పెరగడం, తగ్గడం, బతిమాలడం ఇక్కడికి వినపడుతూనే ఉంది. తిరిగొచ్చేసరికి పళ్ళెంలో అన్నం ఆరిపోయింది.

"ఆ విజ్ఞప్తి నీదేనని ఛానలాయనకి చెప్పాను. నన్ను తీసెయ్యండని ఎవరైనా చేతులారా రాసుకుంటారా అని నవ్వాడు. పోనీ నిన్నే మళ్ళీ పెట్టుకోమన్నాను. తీసేశామని పేపరు వాళ్ళకి చెప్పేశారట, ఇక కుదరదట." ఆవిడ కూర్చున్నారు. "అందుకని నేను ఒప్పేసుకున్నాను. పేరు నాది పడుతుంది. తిట్లూ నాకే పడతాయి, నేను పడగలను. నువ్వు లోపల కూర్చుని రాయి. పెద్దమ్మగారు దిగింది కదా, మళ్ళీ మెట్లెక్కించకు. కిందే ఉండనీ."

"అమ్మా, పేరు సంగతే..." అని భర్త ఏదో అనబోయాడు.

"ఏం, నా పేరు బాగాలేదా?"

కోడలు భర్త వైపు చూసి వద్దన్నట్టు తలూపింది. అత్తగారు ఇస్తున్నది తన దగ్గరున్నదంతా. అందులో ఆ రెండు క్షణాలు లేవని ఆవిడకి తెలీదు. అది చెప్పవలసిన రోజు నాలుగు నెలల కిందటే దాటిపోయింది.

"సరే అత్తయ్యా" అంది.

"కూర ఇంకా ఉందా?" అన్నారు మావగారు.

అత్తగారు కూర గిన్నె మూత తీసి, పరధ్యానంగా బల్ల మీద బోర్లా పెట్టారు. కోడలు అది చూసింది గానీ, నోట్‌బుక్కులో రాసుకోలేదు.