సొరుగులో జావ

ఆ రోజు టోర్క్విల్ పథకం చాలా చిన్నది. భార్య ఎఫీ వెంట మ్యూజియానికి వెళ్లడం, గాజు పెట్టెలు తుడవడం, ఆమె చూడకుండా తన జావ ముక్క తినేసి ఇంటికి రావడం. ఎడిన్‌బరా పాతబస్తీలో మెలికల మెట్లెక్కితే వచ్చే ఆ రెండు గదుల రచయితల మ్యూజియాన్ని చూసుకునే ఎఫీకి అదే లోకం. దాన్ని ఉంచాలో మూసేయాలో తేల్చడానికి కౌన్సిల్ నుంచి డాల్గ్లీష్ అనే ఆవిడ ఆ పూటే వస్తోంది. మూసేస్తే ఎఫీ మనిషి మిగలదని టోర్క్విల్ భయం.

ఓట్స్ జావ సొరుగులో పోసి, గడ్డకట్టాక ముక్కలు కోసి జేబులో వేసుకెళ్లడం అక్కడి తాతల నాటి అలవాటు. టోర్క్విల్ దాన్ని వదల్లేదు. ఎఫీ నిద్ర లేవకముందే తన జావ తానే కాచుకునేవాడు. ఆ పూట ముక్క కొరకబోతుండగా మెట్ల మీద అడుగుల చప్పుడైంది. కంగారులో పక్కనున్న బల్ల సొరుగులో పడేశాడు. ఆ బల్ల, దేశమంతా నెత్తిన పెట్టుకునే ఒక నవలాకారుడిది.

డాల్గ్లీష్ వస్తూనే చెక్కకు పురుగు పట్టిందేమో చూస్తానని ఆ సొరుగే లాగింది. "ఏమిటమ్మా ఇది?" అంటూ ముక్కను పైకెత్తింది.

ఎఫీ గుండె మీద చెయ్యేసుకుంది. "జావ! ఆయన జావండీ! రాస్తూ రాస్తూ లేవడం ఇష్టంలేక సొరుగులోంచి తీసుకుని తినేవాడట!"

"ఎఫీ, అదీ..." అన్నాడు టోర్క్విల్.

"నువ్వుండు! ముందు గాజు పెట్టె పట్రా."

ఆమె ముఖంలో అంత సంతోషం చూసి ఎన్నాళ్లయిందో. టోర్క్విల్ వెళ్లి గాజు పెట్టె తెచ్చాడు. తన భోజనానికి తన చేతులతోనే తాళం వేశాడు.

మ్యూజియం చూడటానికొచ్చిన ఒకావిడ కిందకెళ్లి శాలువాల కొట్టతనికి చెప్పింది. అతను సందంతా చెప్పాడు. కాసేపటికి మెట్ల మీద కాలు పెట్టే చోటు లేదు. వీధి మలుపులో బ్యాగ్‌పైప్ అనే సంచి వాద్యం వాయించే అతను, ఇంత గొప్ప జావకు మర్యాద చెయ్యకపోతే ఎలాగని గదిలోకొచ్చి చెవులు చిల్లులు పడేలా అందుకున్నాడు.

"ఇన్నేళ్లయినా ఎంత మెత్తగా ఉందో!" అన్నారొకరు.

"అప్పటి ఓట్స్ అలాంటివి మరి," అన్నాడు కొట్టతను.

డాల్గ్లీష్ కాగితం తిప్పడానికి అలవాటుగా, ఇందాక ముక్క పట్టుకున్న వేలు నాలుక మీద పెట్టి, ఆగిపోయింది. "ఇదేమిటి, తియ్యగా ఉంది!"

వాద్యం గురక పెట్టి ఆగింది. జావలో పంచదార వేసేవాడు తన గడప తొక్కరాదన్న ఆ మహానుభావుడి మాట ఎదురుగోడ మీదే చెక్కి ఉంది.

"అంటే దొంగచాటుగా తిన్నాడన్నమాట!" అన్నారు గుంపులో ఎవరో.

"మా నాన్న ఈయన మాట విని జన్మంతా ఉప్పుజావే తిన్నాడయ్యా!"

ఎఫీ కుర్చీలో కూలబడింది. టోర్క్విల్ ఇక తట్టుకోలేకపోయాడు. "ఆయన్నేమీ అనకండి. ఆ జావ నాది. పంచదార వేసిందీ నేనే."

గదంతా గొల్లుమంది. ఎఫీ నవ్వలేదు. "పంచదారా? పెళ్లయిన దగ్గర్నుంచీ నా ఉప్పే తింటున్నావనుకున్నాను!"

"నీ ఎదుట అదే తిన్నాను ఎఫీ," అన్నాడతను దీనంగా.

డాల్గ్లీష్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "నిజం చెప్పనా? ఈ గదికి ఎవరూ రావడం లేదు, మూసేద్దామనే వచ్చాను. చచ్చిపోయిన రచయిత జావ కోసం ఇంతమంది జుట్లు పట్టుకుంటున్నారంటే, ఎలా మూస్తానమ్మా?"

జనం వెళ్లిపోయాక ఎఫీ అతని పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. "ఆయన పరువు కోసం ఇంతమందిలో నీ పరువు తీసుకున్నావు కదయ్యా," అంది.

మర్నాడు పొద్దున టోర్క్విల్‌కు తనే జావ కాచి పెట్టింది. ఉప్పే వేసింది, ప్రేమ ప్రేమే, జావ జావే.