బీరువాలో బ్యాండు

సర్కారు సొమ్ములో అన్నిటికన్నా పవిత్రమైనది వాడనిది. కూర్చుంటే కుర్చీ కాలు విరుగుతుంది, రాస్తే సుద్ద అరుగుతుంది, పాఠం చెబితే పంతులు గొంతు పోతుంది. బీరువాలో పెట్టి తాళం వేసినదొక్కటే కలకాలం కొత్తగా ఉంటుంది. ఈ సత్యాన్ని బ్యాండుకు వర్తింపజేసిన ఘనత, తొంభైల్లో ధర్మవరంలో ఒక హైస్కూలును ఏలిన హెడ్మాస్టరు గోవిందప్ప సారుది.

జిల్లా ఆఫీసు నుంచి బడికి డ్రమ్ములొచ్చినాయి. వచ్చిన పొద్దే సారు వాటికి బొట్టుపెట్టి, టెంకాయ కొట్టి, బీరువాలో పెట్టి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. ఆ తర్వాతనే, బ్యాండులో చేరగోరువారు ముందుకు రావలెనని నోటీసు వేయించినాడు.

తొమ్మిదో తరగతి నీలావతి అందరికన్నా ముందు పోయి నిలబడింది. ఆ పిల్లకు పుట్టినప్పటి నుంచి ఒకటే పిచ్చి, దరువెయ్యడం. అన్నం తట్ట, నీళ్ల బిందె, తమ్ముని వీపు, ఏది దొరికితే దాని మీద. ఎంపిక మహా కఠినంగా జరిగింది. ఎత్తు కొలిచినారు. పళ్లు చూసినారు. తెల్లబూట్లు ఉండాయా అని అడిగినారు.

"వాయించేది వస్తాదా అని అడగరా సార్?" అనింది నీలావతి.

డ్రిల్లు మేస్టరు ఇమ్మానుయేలు సారు ఆ పిల్ల దిక్కు జాలిగా చూసి, "దాంతో మనకేం పనమ్మా?" అన్నాడు.

పని లేదనే సంగతి నిబంధనలు చదివినాక తెలిసింది. సాధనకు డ్రమ్ములు ఇవ్వబడవు. ఇస్తే తోలు చిరుగును, చిరిగితే ఆడిటుకు జవాబు చెప్పవలసి వచ్చును. కనుక విద్యార్థులు డ్రమ్ము ఉన్నట్టే భావించి, గాలిలో చేతులు ఆడించవలెను. జిల్లా బ్యాండు పోటీ రోజున డ్రమ్ములు మెడకు తగిలించబడును గానీ, కర్రలు తోలుకు బెత్తెడు పైనే ఆడవలెను. (మార్కులేసే పెద్దలు వరస చూస్తారు, బూట్లు చూస్తారు, సెల్యూటు చూస్తారు. చెవులకు వాళ్ల కాగితంలో గడి లేదు.)

మరి డ్రమ్ము మోగకుంటే కాళ్లెట్ల కలుస్తాయి? దానికి దేవుడే దారి చూపించినాడు. గ్రౌండు గోడకు అవతల మగ్గాల వీధి. గోడకు ఆనుకొనే నీలావతి వాళ్ల నాయన సంజీవప్ప, గుంటలో కాళ్లు దించి నేసే గుంటమగ్గం. టక్, టక్, డబ్. టక్, టక్, డబ్. ఇమ్మానుయేలు సారు ఆ సద్దుకే పిల్లలను నడిపించినాడు. సంజీవప్ప టీ తాగను పోతే బ్యాండు ఆగేది. పట్టుచీరకు షావుకారు తొందరపెడితే బ్యాండు పరిగెత్తేది. దారం తెగితే, మళ్లీ అతికేదాకా అందరూ ఒంటికాలి మీద నిలబడేవాళ్లు. అమావాస్యకు మగ్గాలకు సెలవు, కాబట్టి బ్యాండుకూ సెలవే.

తన మగ్గం ఒక బడిని నడిపిస్తాందని సంజీవప్పకు తెలీదు. ఆయప్ప బాధ వేరే.

"ఏమ్మే నీలా, దినామూ బ్యాండు బ్యాండు అంటా పోతాండావు. గోడకు ఈ పక్కనే ఉండా గదా నేను, ఒక్క దెబ్బన్నా ఇనపడల్యా. యాడ తిరుగుతాండావు?"

"ఆడనే ఉండా నాయనా. చేతులూపుతాండాం."

"చేతులూపేదానికి బడెందుకు? ఈడ మగ్గం కాడ ఊపు, చీరన్నా అయితాది. పోటీకి నేనొస్తా. ఆ పొద్దు నీ డ్రమ్ము నాకు ఇనపడకుంటే బడి మాని మగ్గం గుంటలోకి దిగాల. అంతే."

పోటీ పెనుకొండలో, కోట కింద గ్రౌండులో. హిందూపురం దిక్కు నుంచి వచ్చిన ఒక బడి తమ డ్రమ్ములకు ప్లాస్టిక్కు కవరు కూడా విప్పలేదు. ఆ శుభ్రతకు జడ్జీలు లేచి నిలబడి చప్పట్లు కొట్టినారు. తర్వాత ధర్మవరం పిల్లల వంతు. ఇమ్మానుయేలు సారు విజిలేసినాడు.

ఒక్క కాలూ లేవలేదు.

"నడవండ్రా!" అని సారు పళ్లు బిగించినాడు.

"మగ్గం ఇనపడల్యా సార్," అన్నాడు ముందు వరసలోని పిల్లోడు. "ఏ కాలు ఎత్తాల?"

యాడ ఇనపడుతుంది? మగ్గం ధర్మవరంలో ఉండె. మగ్గం తొక్కే సంజీవప్ప తువ్వాలు భుజానేసుకొని, జనంలో అందరికన్నా ముందు, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకొని నిలబడి ఉండె.

నీలావతి ఆ చెవిని చూసింది. బెత్తెడు పైనున్న కర్ర కిందికి దిగింది. టక్, టక్, డబ్.

కాళ్లు లేచినాయి. తాడు కట్టి లాగినట్టు వరసలు కదిలినాయి. గ్రౌండంతా తిరిగి ఆ కొస దాకా పోయి సెల్యూటు కొట్టి నిలబడేవరకు ఒక్క బూటూ తప్పలేదు. సంజీవప్ప కుడికాలు తనకు తెలీకుండానే నేలను తొక్కుతాంది. "ఇది నా మగ్గమబ్బా!" అని పక్కనున్న ముక్కూమొగం తెలీని మనిషి చెయ్యి పట్టుకున్నాడు. "మా పాప కొడతాండాది!"

జడ్జీలు చర్చించుకొని, 'క్రమశిక్షణ' అనే గడిలో 'గోల చేసిరి' అని రాసి, బడిని కడాన నిలబెట్టినారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో గోవిందప్ప సారు ఆ డ్రమ్మును ఒళ్లో పెట్టుకొని, తోలు మీద పడిన మచ్చను దారి పొడుగునా నిమురుతానే వచ్చినాడు.

మర్నాడు నోటీసు బోర్డు మీద కాగితం. బ్యాండులో ఉండి వాయించినందున నీలావతిని బ్యాండు నుంచి తొలగించడమైనది.

సంజీవప్ప బడికి వచ్చినాడు. "బాగా కొట్టె గదా సార్, ఎందుకు తీసేస్తిరి?"

"బాగా కొట్టిందనే," అన్నాడు సారు.

సంజీవప్ప కూతురు దిక్కు తిరిగి, "నాకైతే ఇనపడింది. నువ్వు బడికే పో," అని మగ్గం కాడికి పోయినాడు.

మరుసటి ఏడు గోవిందప్ప సారు పోటీకి డ్రమ్ములిచ్చి, కర్రలు మాత్రం బీరువాలోనే ఉంచినాడు. నడిస్తే తప్పు జరుగుతుందని పిల్లలను నడవనియ్యలేదు కూడా. పెనుకొండ ఎండలో పొద్దంతా కదలకుండా నిలబడినందుకు, ఉత్తమ బ్యాండు కప్పు మన బడికే వచ్చింది.