తొంభై ఆరు శాతం సినిమా

మా మల్టీమీడియా విభాగంలో ఈ ఏడాది ఇరవై రెండు విద్యార్థి చిత్రాలు తొంభై శాతానికి పైగా పురోగతి సాధించాయని ప్రకటించడానికి ఎంతో సంతోషిస్తున్నాం. విశ్వవిద్యాలయ చరిత్రలో ఇది రికార్డు. సినిమాలు ఎప్పుడు చూపిస్తారని కొందరు గిట్టనివాళ్లు అడుగుతున్నారు. గిట్టనివాళ్లు ఎక్కడైనా ఉంటారు లెండి.

ప్రథమ స్థానం కొట్టేసిన అమ్మాయి గురించి నాలుగు మాటలు చెప్పడం నా విధి. మూల్యాంకన సంఘంలో మూడో కుర్చీ నాదే. ఆ అమ్మాయి తండ్రి ఆరంతస్తుల పాత ఆఫీసు భవనంలో లిఫ్టు ఆపరేటరు. అది బటన్ల లిఫ్టు కాదు. ఇత్తడి పిడి తిప్పితే కదులుతుంది, వదిలితే ఆగుతుంది. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆయన దాన్ని ప్రతి అంతస్తులోనూ గచ్చుకి వెంట్రుకవాసి తేడా లేకుండా ఆపుతున్నారు. వచ్చే నెలాఖరుకి దాన్ని పీకేసి బటన్ల లిఫ్టు పెడతారట, ఆయన్ని ఇంటికి పంపేస్తారట. ఆలోపు నాన్న పని చేస్తుండగా ఐదు నిమిషాల డాక్యుమెంటరీ తీయాలని అమ్మాయి పట్టుదల. చేతిలో ఐదు వారాలున్నాయి. ఐదు నిమిషాలకి ఐదు వారాలంటే ఎక్కువే కదా అంటారు మీరు. మా విభాగం సంగతి మీకు తెలియదు.

మా దగ్గర కెమెరా ఉంది. లేదని ఎవరూ అనకూడదు. ప్రాజెక్టులు చూసే గైడుగారి గదిలో, అద్దాల బీరువాలో, అందరికీ కనబడేలా ఉంది. అరవై శాతం పురోగతి చూపించినవారికే అది ఇవ్వాలని నియమం. కెమెరా లేకుండా అరవై శాతం సినిమా ఎలా తీస్తారండీ అని ఒక విద్యార్థి అప్పట్లో అడిగాడు. ఇప్పుడతను వేరే కోర్సులో ఉన్నాడు.

పురోగతిని ప్రతి శుక్రవారం కాగితం మీద చూపించాలి. మొదటి వారం అమ్మాయి సినిమాకి పేరు పెట్టింది, పది శాతం ఇచ్చాం. రెండో వారం పోస్టరు, పదిహేను. మూడో వారం కృతజ్ఞతల జాబితా, ఇంకో పది. నిదానంగా నడుస్తోందని గైడుగారు మందలించారు కూడా. ఆమె తోటి విద్యార్థి ఒకడున్నాడు, అందరూ ‘టీజరు’ అని పిలుస్తారు. అతని సినిమాకి కథే కుదరలేదు, అయినా అప్పటికే నూట నాలుగు శాతంలో ఉన్నాడు. ఆ నాలుగూ అతని తర్వాతి సినిమాకి జమ చేశాం. వంద నిండినవాళ్లకి ఇక పురోగతి ఉండదు కనుక బహుమతి పోటీలోంచి తప్పించాం.

ఇంట్లో అమ్మాయి వాళ్లమ్మకి ఈ లెక్కలు విని తల తిరిగినంత పనైంది.

“చేతిలో ఫోనుంది కదే! దాంతో నాలుగు ముక్కలు తీసి పడెయ్యి. నీ సొమ్మేం పోయింది?”

అమాయకురాలు. అయినా అమ్మాయి వచ్చి ఆ మాట గైడుగారి చెవిన వేసింది. ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని సెలవిచ్చారు.

“ఫోనుతో తీసేది వీడియో తల్లీ. మనం తీసేది సినిమా. ఒక్క షాటు ఫోనుతో తీశావా, నీ దృష్టి కలుషితమైపోతుంది. ఇక నీ ప్రాజెక్టుని నేను కాదు, ఆ దేవుడు కూడా కాపాడలేడు.”

గైడుగారు ఇంతవరకూ తన దృష్టిని కలుషితం కానివ్వలేదు. ఒక్క సినిమా కూడా తీయలేదు. అమ్మాయి బుద్ధిమంతురాలు, చిన్నప్పటి నుంచీ పెద్దలు చెప్పిన మాట జవదాటని పిల్ల. ఫోను సంచిలో పెట్టేసింది.

నాన్న మాత్రం రోజూ తెల్లవారకుండానే గడ్డం గీసుకుని, ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసుకుని గుమ్మంలో నిలబడేవారు.

“ఇవాళ తీస్తారా అమ్మా?”

“ఇంకా ముప్పై ఐదు శాతమే నాన్నా.”

“అంటే ఎన్నో అంతస్తు?”

అమ్మాయి లెక్క వేసుకుని, “రెండు దాటాం” అంది.

“ఫర్వాలేదు, ఎక్కుతూనే ఉన్నాంగా” అని ఆయన పనికి వెళ్లిపోయేవారు. పిడిని చింతపండుతో తోమి తళతళలాడించి పెట్టుకున్నారని తర్వాత తెలిసింది.

నాలుగో వారం షాట్లన్నీ బొమ్మలు గీసి పట్టుకొచ్చింది. పిడి పట్టుకున్న చేతిలో సంఘర్షణ లేదని గైడుగారు తిప్పి పంపారు. మళ్లీ గీసింది. సంఘర్షణ ఎక్కువైంది, చెయ్యి కనబడ్డం లేదన్నారు. మూడోసారి గీసేసరికి అరవై శాతం పూర్తయింది. ఇక కెమెరా కాగితం మీద గైడుగారి సంతకం ఒక్కటే తక్కువ. ఆయన ‘యువతలో తక్షణ సృజన’ అనే అంశంపై సదస్సుకి వెళ్లారు. ఒకటో తారీఖున వచ్చారు. వచ్చిన వెంటనే, ఏమాత్రం జాప్యం లేకుండా సంతకం పెట్టారు.

అమ్మాయి కెమెరా గుండెకి హత్తుకుని పరుగెత్తింది. అక్కడ లిఫ్టు లేదు. ఇనుప పెట్టె పెరట్లో పక్కకి పడిపోయి ఉంది. ముందురోజు సాయంత్రం అందర్నీ దింపేశాక వాళ్ల నాన్న ఖాళీ లిఫ్టుని రెండుసార్లు పైకీ కిందికీ తిప్పారని, ఏమో మా అమ్మాయి వస్తుందేమో అని అన్నారని వాచ్‌మన్ చెప్పాడు. అమ్మాయి మెట్ల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. కెమెరాకి ఏ హానీ జరగలేదని ఈ సందర్భంగా తెలియజేస్తున్నాం.

శుక్రవారం నివేదికలో ఆమె ఒకే వాక్యం రాసింది: ‘తీయడానికి ఇక ఏమీ లేదు.’ గైడుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. “శూన్యం! ఇదమ్మా దృష్టంటే!” అంటూ ఏకబిగిన ముప్పై ఆరు శాతం ఇచ్చారు.

బహుమతుల రోజున ఆ తండ్రి ఖాకీ చొక్కాలోనే వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. తెర మీద నివేదిక వేశాం. నీలం గీత ఒకటి కింద నుంచి పైకి లేచింది. ఆయన కాసేపు చూసి, గైడుగారి వైపు ఒంగి మెల్లగా అడిగారు.

“బాబుగారూ, ఇందులో నేనెక్కడున్నానండీ?”

“ఆ గీతలోనేనండీ. అరవై దగ్గర మొదలెట్టి తొంభై ఆరు దాకా అంతా మీరే!”

హాలు దద్దరిల్లింది. ఆ తండ్రి కూడా, పెద్దమనిషి నొచ్చుకుంటారని, చప్పట్లు కొట్టారు. అమ్మాయిని మాట్లాడమన్నాం.

“మా నాన్న పనిచేస్తుంటే ఎలా ఉంటారో నా దగ్గర ఒక్క ముక్క కూడా లేదు” అని మైకు ఇచ్చేసి కూర్చుంది. క్లుప్తతకి మెచ్చి మళ్లీ చప్పట్లు కొట్టాం.

నేనూ నూటికి నూరు వేశాను. ‘సినిమా చూశారా?’ అనే గడి మా మూల్యాంకన పత్రంలో లేదు. అబద్ధమెందుకు, సిగ్గేసింది. కాకపోతే సంతకం పెట్టాక వేసింది. మీరు నవ్వుకుంటున్నారు కదూ? కానివ్వండి. మొన్న మీ పిల్లలు ప్రోగ్రెస్ కార్డు తెచ్చినప్పుడు ఏం నేర్చుకున్నారని అడిగారా, సంతకం ఎక్కడ పెట్టాలని అడిగారా?